ఉబ్బసము: ఊపిరినిచ్చు మందు చేయు పని

మృగశిర కార్తె ప్రవేశించినదనగానే హైదరాబాదు నగరమున ఉబ్బస రోగులకు మొదట స్ఫురించునది చేపమందు. పాతబస్తీలోని దూద్‌బౌలికి చెందిన బత్తిని వారు 1845 నుండి దీనిని ఉచితముగా ఇచ్చుచున్నట్లు ఆ కుటుంబమువారి కథనము. పసుపువన్నె ముద్దను సజీవమైన చిన్న కొరమీను నోట నుంచి రోగిచే మ్రింగింతురు. శాకాహారులకు బెల్లముతో నిత్తురు. ఇంటి ముంగిట జరిగిన పంపిణీ, జనసమ్మర్దము హెచ్చుటచే, తరువాతి కాలమున నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమునకు మారినది. అందలి దినుసులు రహస్యము. దాని గుణము శాస్త్రపరీక్షలలో నిరూపితము కాలేదు. మేము చెప్పదలచినది దానిని గూర్చి కాదు. ఆ వరుసలో నిలుచు రోగి జేబులో తప్పక యుండవలసిన ఇన్‌హేలరును గూర్చి.

సందు మలుపున మోటారొకటి హఠాత్తుగా మీదికి వచ్చినపుడు గుండె దడదడలాడును, ముఖము పాలిపోవును, ఊపిరి ధారాళముగా ఆడును. మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న రెండు గ్రంథులనుండి వెలువడు ఎడ్రినలిన్‌కు ఇందు ముఖ్యపాత్ర కలదు. జపాను దేశీయుడగు జోకిచి తకామినే 1901లో దీనిని శుద్ధరూపమున వేరుచేసినట్లు ప్రకటించెను. కాని ఒక్క పదార్థమే చర్మమందలి రక్తనాళములను బిగించి, శ్వాసనాళములను సడలించుట ఎట్లు? కణములపై దానిని అందుకొను గ్రాహకములు ఒక్క తీరువి కావనియు, ఆల్ఫా, బీటా అను రెండు తెగలవనియు 1948లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆల్‌క్విస్ట్ సూచించెను. మా కేంద్రము ప్రసారము చేయు వర్షసూచన ఒక్కటియే. అది విని ఒకరు గొడుగు వెదకుకొందురు, వేరొకరు డాబాపై వడియములను లోనికి తెచ్చుకొందురు. ఇదియు అట్టిదే. ఆల్ఫా గ్రాహకము రక్తనాళమును బిగించును. బీటాలో మొదటి రకము గుండెను వేగిరపరచును. రెండవది శ్వాసనాళపు కండరమును వదులుచేయును.

1940 ప్రాంతమున వెలువడిన ఐసోప్రినలిన్ బీటా రకములు రెంటిని ప్రేరేపించెడిది. ఊపిరి వచ్చెడిది, గుండెయు పరుగెత్తెడిది. 1960 దశకమున బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశములలో ఉబ్బస మరణములు పెరిగినపుడు, ఎక్కువ మోతాదు గల దాని పీల్పుమందుపై అనుమానము కలిగెను. ఆ దశకాంతమున వచ్చిన సాల్బుటమాల్ రెండవ రకము బీటానే ఎక్కువగా ఎన్నుకొనును. పీల్చిన అయిదు నిమిషములలో గుణము కనబడి నాలుగు నుండి ఆరు గంటలు నిలుచును. చేతులు వణకుటకు కారణము, కండరములలోను అదే గ్రాహకముండుటయే.

ఇన్‌హేలరు అలవాటగునను భయముతో మాత్రలు కోరువారు కలరు. 4 మిల్లీగ్రాముల మాత్రలో, 100 మైక్రోగ్రాముల పీల్పులు నలుబదింటికి సమమైన మందున్నది! అది రక్తముతో ఒడలెల్ల తిరిగి ఆలస్యముగా ఊపిరితిత్తులను చేరును. వణకు, దడ హెచ్చించును. ఈ భయము తలక్రిందులుగా నున్నదని మా అభిప్రాయము.

అయినను సాల్బుటమాల్ బిగిసిన కండరమును మాత్రమే సడలించును. నాళము లోపలి వాపు దానికి లొంగదు. కనుకనే నెమ్మది కలిగినదని మురియుచు దినదినము ఎక్కువసార్లు పీల్చువాని వ్యాధి లోలోపల ముదురుచుండవచ్చును. పెద్దలకును, పండ్రెండేండ్లు నిండిన పిల్లలకును దీనినొక్కదానినే వాడరాదని 2019లో అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకములు నిర్దేశించినవి. వాపునణచు స్టెరాయిడ్ పీల్పుమందు తోడుగా నుండవలెను. ఫార్మోటెరాల్ అను దీర్ఘకాలపు బీటా మందును, బుడెసొనైడ్ అను స్టెరాయిడును కలిపిన ఇన్‌హేలరు ఈ రెండు పనులను చేయును. రక్తపోటుకు, గుండెదడకు ఇచ్చు ప్రొప్రనలాల్ వంటి మందులు ఇదే గ్రాహకమును మూసివేయును; ఏ మందు వ్రాయించుకొనుటకు పోయినను ఉబ్బసమున్నదని వైద్యునకు ముందే చెప్పవలెను.

ఈ కుటుంబపు ఇతర మందులలో, ఒంటికి పడని వస్తువుచే గొంతు వాచి ప్రాణము మీదికి వచ్చినపుడు తొడకిచ్చు ఎడ్రినలిన్ సూదిమందు ముఖ్యమైనది. ముక్కుదిబ్బడకు వాడు ఆల్ఫా చుక్కలను కొలది దినములకు మించి సాగదీసినచో దిబ్బడ తిరిగి పెరుగును.

చేపమందుకై మైదానమున గంటల తరబడి నిలువవలసి వచ్చును. వెళ్లువారు ఇన్‌హేలరును వెంట నుంచుకొందురు గాక. నిత్యము వాడు స్టెరాయిడును ఆ నెపమున మానరాదు. వాడునపుడు బాగుగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదలి, నొక్కుచు మెల్లగా పీల్చి, పది సెకనులు బిగబట్టవలెను. పసివారికి స్పేసరు గొట్టము అమర్చవలెను. ఇట్లు చేసినను వాక్యమొకటి ముగించుటకు ఊపిరి చాలకున్నను, పెదవులు నీలివన్నెకు తిరిగినను, పీల్పులు లెక్కించుచు కూర్చుండక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.