వ్రేలు ఎరిగిన మీట

దుస్తులకుండునది బొత్తాము, యంత్రమునకుండునది మీట. నేటి వాడుకలో రెండింటికిని బటన్ అను మాటయే చెల్లుచున్నది. అయినను మీట యనుటలో ఒక సొగసు కలదు. మీటబడునది మీట; అనగా వ్రేలు తాకవలెను, ఒత్తవలెను, ఒత్తినందుకు లోపలినుండి ఏదో యొక బదులు రావలెను. హార్మోనియము వాయించువాడు మెట్లవంక చూడడు. ఏ మెట్టు ఎచ్చటనున్నదో అతని వ్రేళ్లకే తెలియును. కండ్లు పాటగాని మోము మీదనో సభికుల మీదనో ఉండును. చీకటిలో లేచి గోడమీది స్విచ్చిని తడుముకొనునపుడు మనకు దారి చూపునది కూడ చేతికున్న ఈ తెలివియే.

సెల్‌ఫోనుల మీదను, టాబ్లెట్లని పిలువబడు గాజు పలకల మీదను 2007 మొదలుకొని నేటివరకు జరిగిన మార్పును ఒక్కమాటలో చెప్పవలెనన్నచో, చేతి పనిని కంటికి అప్పగించుట యని చెప్పవచ్చును. మీటలు ఒక్కొక్కటిగా పోయినవి. పోయినవానిలో పోదగినవి కొన్ని, ఉండదగినవి కొన్ని. ఆ తేడా తెలియక చేసిన తొలగింపులే యెక్కువయని నా అభిప్రాయము.

మీటలను ఎచ్చట నుంచవలెనన్న విచారణ కొత్తది కాదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలవారు డయలు తిప్పు టెలిఫోనుకు మారుగా మీటలు నొక్కు టెలిఫోనును తయారుచేయ సంకల్పించినపుడు, పది అంకెలను ఏ వరుసలో పేర్చవలెనో తేల్చుకొనుటకు మనుష్యులచేత నొక్కించి పరీక్షలు జరిపిరి. పాత డయలువలె గుండ్రముగా అమర్చి చూచిరి. రెండు నిలువు వరుసలుగా చూచిరి. అయిదేసి చొప్పున రెండు అడ్డువరుసలుగా చూచిరి. మీట ఎంత లోతునకు దిగవలెను, ఎంత బలముతో నొక్కిన దిగవలెను అన్నది కూడ విచారించిరి. డైనింజర్ అను పరిశోధకుడు ఈ ఫలితములను 1960 జూలైలో ప్రకటించెను. మూడేసి అంకెలు గల మూడు వరుసలు, వాని క్రింద నడుమ సున్న: నేడు మనమెరిగిన ఈ అమరిక అప్పుడు కుదిరినదే. 1963 నవంబరు 18న పెన్సిల్వేనియాలోని రెండు ఊళ్లలో అట్టి ఫోనులు వాడుకలోనికి వచ్చినవి. నేటి గాజుఫోను మీద అంకెలు వట్టి బొమ్మలే; ఐనను వాని వరుస మారలేదు. మీటలు పోయినను మీటల నీడ మిగిలియున్నది.

2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ ఐఫోనును లోకమునకు చూపినపుడు అతడు చెప్పిన వాదము సులువైనది. ఆనాటి ఖరీదైన ఫోనుల ముఖములో దాదాపు సగము అక్షరపు మీటలే ఆక్రమించియుండెను. అవసరమున్నను లేకున్నను అవి అచ్చటనే యుండును. రేపొక కొత్త ఆలోచన తోచినచో, అమ్ముడుపోయిన ఫోనులకు కొత్త మీటను అతికింపలేము. కనుక ముఖమంతయు తెరగా చేసి, ఏ పనికి కావలసిన మీటలను ఆ పనికి తెరమీదనే చిత్రించుట మేలని అతని మాట.

ఈ వాదమును తెలుగువాడు కాదనజాలడు. యాబదికి మించిన అక్షరములు, వానికి గుణింతములు, ఒత్తులు గల భాషను పది పన్నెండు మీటలలో ఇరికించిన రోజులు మనకు గుర్తే. ఒక అక్షరము కొరకు ఒకే మీటను మూడుమార్లో నాలుగుమార్లో నొక్కి, ఒత్తు కొరకు మరియొక మీటను వెదకి, క్షేమమని వ్రాయులోపల క్షేమసమాచారమే పాతబడెడిది. తెలుగును ఇంగ్లీషు లిపిలో వ్రాయు అలవాటు ప్రబలుటకు ఇదియు నొక కారణము. మీటమీద అచ్చొత్తిన అక్షరము మారదు. గాజుమీది అక్షరము ఒక్క తాకుడుతో తెలుగగును, మరియొక తాకుడుతో ఉర్దూ యగును. అక్షరపు మీటలు పోదగినవే. అవి పోయినందుకు విచారింపవలసిన పని లేదు.

అయితే ఆ తొలి ఐఫోను ముఖమునకూడ ఒక మీటను ఉంచిరి. తెరమీద దారి తప్పినవాడు, ఏది తాకిన ఏమగునోయని జంకువాడు, దానిని నొక్కినచో బయలుదేరిన చోటికే చేరును. దాని పేరే హోమ్, అనగా ఇల్లు. వ్రేలు నిలుచుటకు చిన్న గుంటవలె నుండెడిది. ఆ గుంటను తడిమియే చీకటిలో ఫోనునకు తల యేది, కాలేది యని గుర్తింపగలిగెడివారము. 2013లో ఆ మీటయే వ్రేలిముద్రను చదువ నేర్చినది. ఇన్ని నేర్చిన మీటకు ఆయుర్దాయము మాత్రము తక్కువైనది. కదలు మీట చుట్టు సందుండును. సందున్నచోట నీరును దుమ్మును చేరును. నొక్కగా నొక్కగా అరుగును. చేతులు స్వాధీనములో లేనివారి కొరకు 2011లో తెరమీద తేలియాడు గుండ్రని గుర్తు నొకదానిని కల్పింపగా, మీట అరిగిపోవునేమోయను భయముచే చేతులు చక్కగానున్నవారు కూడ దానినే వాడజొచ్చిరి. బంగారు నగలను పెట్టెలో దాచి గిల్టునగలతో పెండ్లికి పోయినట్లు! వీటన్నిటికంటె పెద్ద కారణము తెర. మీట కొరకు విడిచిన జానెడు ముఖములోని కొద్దిపాటి చోటు కూడ తెరకే కావలసి వచ్చినది.

మీట ఒక్కసారిగా పోలేదు. 2016లో వచ్చిన ఐఫోను 7లో అది కదలని మీట అయినది. నొక్కినపుడు లోపలి చిన్న యంత్రము వణకి, మీట దిగినట్లు వ్రేలికి భ్రమ కలిగించెడిది. ఫోను ఆగిపోయినపుడు ఎంత నొక్కినను రాతిని నొక్కినట్లే. మరుసటి సంవత్సరము నవంబరు 3న విడుదలైన ఐఫోను ఎక్స్‌లో ఆ భ్రమ కూడ లేదు. తెర అడుగునుండి వ్రేలిని పైకి జరుపుటయే ఇల్లు చేరు త్రోవ. అచ్చట సన్నని గీత యొకటి కలదు గాని, దానిని చూచి ఏమి చేయవలెనో పోల్చుకొనుట కొత్తవానికి కష్టము. గుంట యైతే వ్రేలిని పిలిచెడిది. ఊరిలోనున్న తల్లికి డల్లాసునుండి కుమారుడు ఫోనులో, "అమ్మా, క్రింద గుండ్రముగా ఉన్నది చూడు, అది నొక్కు" అని చెప్పుట సులభము. "అడుగునుండి పైకి జరుపమ్మా, మరీ మెల్లగా వద్దు, మధ్యలో ఆగవద్దు" అని చెప్పుట ఎంత ప్రయాసయో, చెప్పి చూచినవారికే తెలియును. హోమ్ మీట గల చివరి టాబ్లెట్టును ఆ కంపెనీ 2024లోను, చివరి ఫోనును 2025 ఫిబ్రవరిలోను అమ్మకమునుండి తొలగించెను.

ఒక మీట పోయినచో దాని పని మరియొక మీటమీద పడక తప్పదు. ఐఫోను ప్రక్కమీటను పట్టియుంచినచో మునుపు ఫోను ఆగిపోవుట కేర్పాటయ్యెడిది. ఎక్స్‌లో అట్లు పట్టినచో మాటలాడు సిరి మేల్కొనును. ఆపవలెనన్నచో శబ్దపు మీటను గూడ కలిపి పట్టవలెను. శామ్‌సంగ్ వారి కథ ఇంకను వినోదకరము. 2017లో గెలాక్సీ ఎస్ 8 ముఖమునుండి హోమ్ మీటను తీసివేసి, బిక్స్‌బీ యను తమ మాటకారి కొరకు ప్రక్కన కొత్తగా ఒక మీటను పెట్టిరి. శబ్దము తగ్గింపబోయిన వ్రేలు దానిమీద పడి, పిలువని పేరంటము జరిగెడిది. 2019లో నోట్ 10 వచ్చుసరికి ఆ మీట పోయినది. దాని పనిని ఫోనును ఆపు మీటకే అంటగట్టిరి. కోరినదానిని తీయుట, కోరనిదానిని పెట్టుట అను రెండును ఒకే ఫోనులో ఒకే ఏట జరిగినవి.

టాబ్లెట్టు సంగతి కొంత వేరు. దానిని నిలువుగా పట్టవచ్చును, అడ్డముగా పట్టవచ్చును. పైయంచు ఏది, ప్రక్కయంచు ఏది యని ఎవరు చెప్పగలరు? 2021 నాటి చిన్న ఐప్యాడులో శబ్దపు మీటలను ప్రక్కనుండి పైకి మార్చిరి. ప్రక్కన కలము అతుకుకొనుటకు చోటు కావలసినది. పలకను ఎటు తిప్పినను, ఏ మీట శబ్దమును పెంచవలెనో, ఏది తగ్గింపవలెనో లోపలి యంత్రమే చూచుకొనును. ఏర్పాటు మంచిదే. కాని మంచిదికాని కథ యొకటి అంతకు ముందే జరిగినది. 2010లో వచ్చిన తొలి ఐప్యాడు ప్రక్కన జరుపు మీట యొకటుండెను. పలక వంగినపుడెల్ల అక్షరములు తిరిగిపోకుండ నిలుపుట దాని పని. పడుకొని చదువుకొనువారికి అదొక వరము. ఆ సంవత్సరము నవంబరులో దాని పనిని మార్చి, శబ్దమును ఆపు మీటగా చేసిరి. మీట అదే, చోటు అదే, అర్థము మాత్రము తెల్లవారులోపల మారిపోయినది. వాడుకరులు మొరపెట్టగా 2011 మార్చిలో, రెండింటిలో ఏది కావలెనో మీరే యెంచుకొనుడనిరి. 2014లో ఐప్యాడ్ ఎయిర్ 2 నుండి ఆ మీటయే లేకపోయెను.

జరుపు మీటలో నొక్కు మీటకు లేని గొప్ప యొకటి కలదు. అది తన స్థితిని తానే చెప్పును. సభలోనో, ఆసుపత్రిలోనో, అంత్యక్రియల చెంతనో కూర్చున్నవాడు జేబులోనే వ్రేలితో తడిమి, తన ఫోను మౌనముగానున్నదా లేదా యని తెలిసికొనగలుగును. తొలి ఐఫోనునుండి ఉన్న అట్టి మీటను 2023లో ఐఫోను 15 ప్రోలో తీసివేసి, ఆ చోట యాక్షన్ అను నొక్కు మీటను పెట్టిరి. అది పలు పనులు చేయగలదు. దీపము వెలిగించును, ఫోటో తీయును. నొక్కి పట్టినపుడు వణకును. కాని ఇప్పుడు ఏ స్థితిలోనున్నదని ఊరక తడిమిన వ్రేలికి అది బదులు చెప్పదు.

చూపు లేనివారి విషయము తలచినపుడు ఈ వాదములన్నియు బరువెక్కును. పాత మీటల ఫోనులలో 5 అంకెమీద చిన్న బొడిపె యుండెడిది. నేటికిని అట్టి ఫోనులలో కలదు. ఆ ఒక్క బొడిపె ఆధారముతో తక్కిన అంకెలన్నియు వ్రేలికి దొరకును. నున్నని గాజుమీద అట్టి ఆధారము లేదు. అయితే 2009లో ఐఫోను 3జీఎస్‌తో వాయిస్ ఓవర్ అను ఏర్పాటు వచ్చెను. వ్రేలు తాకినదానిని ఫోను చదివి వినిపించును, రెండుమార్లు తట్టినచో ఆ పని జరుగును. దానితో చూపులేనివారికి ఉత్తరములు, పత్రికలు, బ్యాంకు లెక్కలు ఎన్నియో అందుబాటులోనికి వచ్చినవి. గాజు వారిని వెలివేసినదనుట న్యాయము కాదు. కాని చెవిని అరువు తెచ్చుకొని చేయు పని అది. బస్సుల రొదలో, నలుగురి నడుమ, చెవి వేరొక పనిలో నున్నపుడు వ్రేలొక్కటే చేసెడి పని కాదు.

మన ప్రభుత్వము ఈ సంగతిని గ్రహించినదనుటకు ఒక నిదర్శనము కలదు. ఆపదలోనున్నవారు, ముఖ్యముగా స్త్రీలు, వెంటనే సహాయము కోరుటకు ప్రతి ఫోనులోను అత్యవసరపు మీట యుండవలెనని కేంద్ర టెలికాం శాఖ 2016 ఏప్రిలులో నిబంధనలు చేసెను. మీటల ఫోనులో 5 గాని 9 గాని పట్టియుంచినచో చాలును. తెర ఫోనులో నైనచో ఫోనును ఆపు మీటను వెంటవెంట మూడుమార్లు నొక్కవచ్చును. లక్షల బొమ్మలు చిత్రింపగల తెర యుండగా, ప్రాణముమీదికి వచ్చినపుడు ఆధారపడవలసినది అంచుననున్న మీటమీదనే యని ఆ నిబంధన తాత్పర్యము. ఇతర దేశములలో అయిదుమార్లు నొక్కవలసిన ఐఫోనులు కొన్ని మన దేశమున మూడుమార్లకే పలుకుట ఇందువలననే.

ఇందులో చిక్కు లేకపోలేదు. మీటకు నొక్కినవాని మనసు తెలియదు. 2023 జూన్‌లో బ్రిటనులో అత్యవసర కేంద్రములకు మునుపెన్నడు లేనన్ని పిలుపులు రాగా, ఆండ్రాయిడ్ ఫోనులలో అయిదుమార్లు నొక్కిన పిలుచు ఏర్పాటు అందుకొక కారణము కావచ్చునని అచ్చటి పోలీసు అధికారులు తెలిపిరి. జేబులో రాపిడికి ఫోనులు తమంతట తామే మొరపెట్టినవన్నమాట. అందుకు విరుగుడుగా, పిలుపు పోవుటకు ముందు కొన్ని క్షణములు లెక్కించుచు ఫోను హెచ్చరికగా మ్రోగు ఏర్పాటు కలదు. పొరపాటున నొక్కినవాడు ఆ మ్రోత విని ఆపుకొనవచ్చును. చేతిసంచిలో చేయిపెట్టి, ఎదుటివాడు గమనింపకుండ మూడుమార్లు నొక్కిన ఆడుపిల్లకు ఆ మ్రోతయే అపాయము. దానిని మాన్పుకొను వీలు ఫోనులో లేకపోలేదు. కాని అందుకై ఆమె ముందుగానే సెట్టింగులు తెరచి, ఆ అంశమును కంటితో వెదకి, కుదుర్చుకొని యుండవలెను.