బరువు తగ్గించే శస్త్రచికిత్స తర్వాత జుట్టు రాలడం: అపోహలు – వాస్తవాలు

అతి స్థూలకాయాన్ని తగ్గించేందుకు జీర్ణకోశంపై చేసే శస్త్రచికిత్సను బేరియాట్రిక్ సర్జరీ అంటారు. ఇందులో విరివిగా జరిగేవి రెండు పద్ధతులు. జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా తొలగించి, మిగిలిన భాగాన్ని సన్నని గొట్టంలా ఉంచేది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ కాగా, జీర్ణాశయాన్ని చిన్న సంచిగా మార్చి, ఆహారం చిన్నపేగు తొలి భాగాన్ని తాకకుండా నేరుగా దిగువకు చేరేలా దారి మళ్లించేది గ్యాస్ట్రిక్ బైపాస్. మధుమేహం, రక్తపోటు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు వంటివి ఈ చికిత్సతో చాలామందిలో అదుపులోకి వస్తాయి. అయినా తొలి ఏడాదిలో వారిని ఎక్కువగా కలవరపెట్టేది దువ్వెనకు చుట్టుకొని వచ్చే జుట్టే. 2021లో వెలువడిన ఒక సమీక్ష 18 అధ్యయనాల్లోని రెండున్నర వేల మంది వివరాలను కలిపి పరిశీలించి, ఈ శస్త్రచికిత్స అయినవారిలో 57 శాతం మందికి జుట్టు రాలుతుందని లెక్కకట్టింది.

ఉత్తర తెలంగాణలో ఈ సమస్యకు దూరం కూడా తోడవుతుంది. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పరిధిలోని జగిత్యాల, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ ప్రాంతాల నుంచి హైదరాబాద్ వెళ్లి శస్త్రచికిత్స చేయించుకున్నవారికి తిరిగి వైద్యుణ్ణి చూడడమంటే కరీంనగర్ నుంచి 160, ఆదిలాబాద్ నుంచి 300 కిలోమీటర్ల ప్రయాణం. జుట్టు రాలడం మొదలయ్యేది మూడో నాలుగో నెలలో, అంటే గాయాలు మానిపోయి ఆసుపత్రికి రాకపోకలు తగ్గిన కాలంలో కాబట్టి, దానికి కారణం చెప్పే బాధ్యత శస్త్రవైద్యుడి చేతి నుంచి ఇరుగుపొరుగు చేతికి, మందుల దుకాణం చేతికి జారిపోతుంది. అపోహలు పుట్టేది ఇక్కడే.

వాటిని వాస్తవాల నుంచి విడదీయడానికి వెంట్రుక జీవితక్రమం కొంత తెలియాలి. తలపై సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. వాటిలో 85 నుంచి 90 శాతం ఏ సమయంలోనైనా పెరుగుదల దశలో ఉంటాయి, ఆ దశ రెండు నుంచి ఆరేళ్ల వరకు సాగుతుంది. ఆ తర్వాత రెండు మూడు వారాల మార్పు దశ, దాని వెనుక దాదాపు మూడు నెలల విశ్రాంతి దశ గడిచాక వెంట్రుక రాలిపోయి, అదే కుదురులో కొత్తది మొలుస్తుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం అందుకే సహజం. శరీరానికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు, ఇంకా పెరుగుతూ ఉండాల్సిన వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్లి, ఆ దశ ముగియగానే మూకుమ్మడిగా రాలుతాయి. ఈ స్థితిని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ 1961లో దీన్ని వర్ణించాడు. రాలడం ఎప్పుడు మొదలైంది, ఎంతకాలం సాగింది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే కారణం చాలావరకు బయటపడుతుంది.

అపోహ 1: వెంట్రుక కుదురుతో సహా ఊడివస్తోంది కాబట్టి ఇక మొలవదు.

వాస్తవం: రాలిన వెంట్రుక చివర కనిపించే తెల్లని చిన్న ఉబ్బు కుదురు కాదు. విశ్రాంతి దశ పూర్తయిన ప్రతి వెంట్రుకకూ అడుగున ఏర్పడే గట్టిపడిన భాగం అది. వెంట్రుకను పుట్టించే కుదురు చర్మంలోనే భద్రంగా ఉంటుంది. టెలోజెన్ ఎఫ్లూవియంలో జుట్టు పలచబడుతుందే తప్ప తల పూర్తిగా బోసిపోదు. సాధారణంగా సగానికి మించి జుట్టు పోదు. చాలామందిలో మూడు నుంచి నాలుగు నెలల మధ్య మొదలయ్యే ఈ రాలడం ఆరు నెలలలోపు తగ్గుముఖం పడుతుంది. అయితే వెంట్రుక పెరిగేది నెలకు దాదాపు ఒక సెంటీమీటరే కనుక, రాలడం ఆగిన ఆరు నెలలకు కూడా కొత్త జుట్టు పొడవు బొటనవేలంత మాత్రమే ఉంటుంది. పొడవైన జడ ఉన్న స్త్రీలకు ఆ జడ మునుపటి లావుకు రావడానికి రెండు మూడేళ్లు పట్టడానికి కారణం ఇదే. అంతకాలం జుట్టు మొలవడం లేదని దీని అర్థం కాదు. నుదుటి అంచున నిలబడే పొట్టి వెంట్రుకలే జుట్టు కోలుకుంటున్నదనడానికి గుర్తు.

అపోహ 2: మత్తుమందు పడలేదు, లేదా ఆపరేషన్‌లో ఏదో పొరపాటు జరిగింది.

వాస్తవం: శస్త్రచికిత్స వల్ల శరీరంపై పడిన ఒత్తిడి, ఆహారం హఠాత్తుగా తగ్గడం, బరువు వేగంగా పడిపోవడం అనే మూడూ కలిసి వెంట్రుకలను విశ్రాంతి దశలోకి నెడతాయి, చక్కగా జరిగిన శస్త్రచికిత్స తర్వాతా ఇది జరుగుతుంది. బాలింతలకు కాన్పయిన మూడు నాలుగు నెలలకు జుట్టు రాలడం, టైఫాయిడ్ లేదా డెంగ్యూ వచ్చి తగ్గిన కొన్ని నెలలకు తల పలచబడడం ఈ ప్రాంతంలో ఇంటింటికీ తెలిసినవే. వాటి వెనుక ఉన్నదీ ఇదే ప్రక్రియ. వానకాలపు జ్వరాలు ఎక్కువగా ఉండే ఆదిలాబాద్ ఏజెన్సీలో శస్త్రచికిత్స అయిన ఏడాదే మలేరియానో డెంగ్యూనో వస్తే, తగ్గుముఖం పట్టిన రాలడం మరోసారి మొదలు కావచ్చు. శస్త్రచికిత్స తర్వాత కనీసం 12 నుంచి 18 నెలల వరకు గర్భం దాల్చవద్దని వైద్యులు చెప్పేది ప్రధానంగా తల్లీబిడ్డల పోషణ కోసమే అయినా, ఒకదానిపై ఒకటిగా రెండు దెబ్బలు జుట్టుపై పడకుండానూ ఆ వ్యవధి కాపాడుతుంది.

అపోహ 3: బోరునీళ్లు, షాంపూ మార్చడం, తరచూ తలస్నానం చేయడమే కారణం.

వాస్తవం: కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న కఠిన జలం వెంట్రుకను గరుకుగా మార్చి మధ్యలో తెగేలా చేయవచ్చుగాని, కుదురును విశ్రాంతి దశలోకి పంపలేదు. తలస్నానం రోజున ఎక్కువ జుట్టు రాలినట్లు కనిపించేది అప్పటికే ఊడడానికి సిద్ధమై ఉన్న వెంట్రుకలన్నీ ఆ రోజు కలిసి రావడం వల్ల. భయంతో తల రుద్దుకోవడం వాయిదా వేస్తే అవి తర్వాతి స్నానానికి పోగుపడతాయి, అంతే. కుంకుడుకాయ అయినా షాంపూ అయినా ఫలితంలో తేడా ఉండదు. గుంటగలగరాకు, మందార కలిపి కాచిన నూనె తలకు రాసుకుంటే వెంట్రుక మెత్తబడుతుంది, చిక్కులు తగ్గుతాయి. లోపల కొరవడిన ఇనుమును, ప్రోటీన్‌ను అది భర్తీ చేయదు. ఆకు పసర్లు కడుపులోకి తీసుకోవడం మాత్రం వేరే సంగతి. కోత పడి కుట్టు వేసిన జీర్ణాశయంలోకి వైద్యుడికి తెలియని మందు ఏదీ పోకూడదు.

అపోహ 4: గుండు చేయించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుంది.

వాస్తవం: వేములవాడ రాజన్నకు తలనీలాలు సమర్పించే ఆచారం ఉన్న ప్రాంతంలో ఈ నమ్మకం బలంగా ఉండడం సహజమే. మొక్కు భక్తికి సంబంధించినది. అందులో వైద్యశాస్త్రానికి అభ్యంతరం లేదు. అయితే క్షౌరం వల్ల కుదుళ్ల సంఖ్యగాని, వెంట్రుక మందంగాని మారవు, ఎందుకంటే కత్తి తాకేది చర్మంపైన ఉన్న నిర్జీవమైన భాగాన్నే. కొత్తగా పుట్టిన వెంట్రుక కొన సన్నగా ఉంటుంది, గీసిన వెంట్రుక కొన మొండిగా ఉంటుంది. చేతికి బిరుసుగా తగిలి ఒత్తుగా వచ్చినట్లు అనిపించేది అందువల్లే. శస్త్రచికిత్స తర్వాత ఆరో ఏడో నెలలో గుండు చేయించుకున్నవారికి ఆ తర్వాత జుట్టు నిండుగా రావడం నిజమే కావచ్చు. గుండు చేయించుకోకపోయినా ఆ సమయానికి అది వచ్చేదే.

అపోహ 5: జొన్నరొట్టె, పప్పు తింటే చాలు, ప్రోటీన్ పొడి మూత్రపిండాలను పాడుచేస్తుంది.

వాస్తవం: వెంట్రుకలో అధిక భాగం కెరటిన్ అనే ప్రోటీనే. ప్రోటీన్ కొరత వచ్చినప్పుడు శరీరం గుండె, కండరాలు, రోగనిరోధక కణాల అవసరాన్ని ముందు తీర్చి, జుట్టుకు చివరన ఇస్తుంది. శస్త్రచికిత్స తర్వాత రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల సూచన. వంద గ్రాముల జొన్నపిండిలో ఉండేది 10 గ్రాములు, ఒక గుడ్డులో 6, పావులీటరు పాలలో 8, ఒక చిన్న గిన్నెడు ఉడికిన పప్పులో 7 గ్రాముల వరకు మాత్రమే. కొన్ని ముద్దలకే నిండిపోయే జీర్ణాశయంతో ఈ లెక్కను 60కి చేర్చడం తొలి నెలల్లో ఆహారం ఒక్కదానితో కష్టం. పొడి అవసరమయ్యేది ఆ లోటు పూడ్చడానికే. ఈ మోతాదు ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలకు హాని చేయదు. అప్పటికే మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం మోతాదును వైద్యుడితో నిర్ణయించుకోవాలి. గట్టి ఆహారం మొదలైన తర్వాత పళ్లెంలో ముందు తినవలసినవి చికెన్, చేప, గుడ్డు, పెరుగు, శనగ గుడాలు, బొబ్బెర గుడాలు. రొట్టె, అన్నం ఆ తర్వాతే. కడుపు ముందుగా అన్నంతో నిండితే ప్రోటీన్‌కు చోటు మిగలదు.

అపోహ 6: రక్తం తక్కువైతే బెల్లం, ఇప్పపువ్వు లడ్డూ తింటే సరిపోతుంది.

వాస్తవం: ఉట్నూరు ప్రాంతపు ఆదివాసీ మహిళలు తయారుచేసే ఇప్పపువ్వు లడ్డూకు పోషకాహారంగా పేరుంది, సాధారణ జీర్ణకోశం ఉన్నవారికి అది మంచి ఆహారమే. బైపాస్ అయినవారి పరిస్థితి వేరు. ఇనుము ముఖ్యంగా శరీరంలోకి ఇంకేది చిన్నపేగు తొలి భాగంలో కాగా, బైపాస్‌లో ఆహారం తప్పించుకొని పోయేది ఆ భాగాన్నే. పైగా తీపి ఎక్కువగా ఉన్న పదార్థం పేగులోకి వేగంగా దిగితే అరగంటలోపే గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు. దీన్ని డంపింగ్ సిండ్రోమ్ అంటారు. మేక కార్జంలోని ఇనుము మొక్కల నుంచి వచ్చే ఇనుము కంటే బాగా ఇంకుతుంది, అయినా శస్త్రచికిత్స తర్వాత ఆహారమొక్కటే చాలదు. నెలసరి వచ్చే స్త్రీలకు, స్లీవ్ లేదా బైపాస్ అయినవారికి రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము అవసరమని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇనుము మాత్రకు, కాల్షియం మాత్రకు మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. అన్నం తిన్న వెంటనే, మాత్ర వేసుకున్న వెంటనే చాయ్ తాగడం ఇనుమును అడ్డుకుంటుంది. హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా శరీరంలో ఇనుము నిల్వలు అడుగంటి ఉండవచ్చు కనుక, ఆ నిల్వలను తెలిపే ఫెరిటిన్ పరీక్ష తప్పనిసరి.

అపోహ 7: బయోటిన్, జింక్ మాత్రలు ఎంత ఎక్కువ వేసుకుంటే అంత మంచిది.

వాస్తవం: బి విటమిన్లలో ఒకటైన బయోటిన్ పెద్దవారికి రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు; జుట్టు కోసమని అమ్మే మాత్రల్లో 5,000 నుంచి 10,000 మైక్రోగ్రాములు ఉంటాయి. లోపం లేనివారికి దీనివల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. నష్టం మాత్రం ఉంది: అధిక బయోటిన్ కొన్ని రక్తపరీక్షలను తప్పుదారి పట్టించి, లేని థైరాయిడ్ జబ్బును ఉన్నట్లు చూపగలదు, గుండెపోటును పసిగట్టే ట్రోపోనిన్ పరీక్షను తక్కువగా చూపగలదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీనిపై హెచ్చరించింది. థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలి. జింక్ లోపం జుట్టు రాలడానికి ఒక కారణమే అయినా, కొలత లేకుండా నెలల తరబడి వేసుకుంటే శరీరంలో రాగి తగ్గి రక్తహీనత, కాళ్లలో తిమ్మిర్లు, నడక తడబడడం రావచ్చు. విటమిన్ ఎ, సెలీనియం మోతాదు మించితే అవే జుట్టును రాల్చుతాయి. పరీక్షలో తేలిన లోపాన్ని పూడ్చడమే చికిత్స అవుతుంది.

అపోహ 8: ఆపరేషన్ తర్వాత జుట్టు ఎప్పుడు రాలినా దానంతటదే ఆగుతుంది, బరువు తగ్గింది కాబట్టి మాత్రలు ఆపవచ్చు.

వాస్తవం: పై అపోహలు భయాన్ని పెంచుతాయి, ఇది లేని ధైర్యాన్ని ఇస్తుంది, ప్రమాదం దీనిలోనే ఎక్కువ. రాలడం ఆరు నెలలు దాటి కొనసాగినా, మొదటి ఆరు నెలలు బాగానే గడిచి ఆ తర్వాత కొత్తగా మొదలైనా దాన్ని శస్త్రచికిత్స ఒత్తిడికి ఆపాదించకూడదు. ఇనుము, జింక్, ఫోలిక్ ఆమ్లం, ప్రోటీన్ లోపాల కోసం వెతకాలి. విటమిన్ బి12 కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి, మాత్రలు మానేసినవారికి ఆ లోపం రెండు మూడేళ్ల తర్వాత రక్తహీనతగానో నరాల జబ్బుగానో బయటపడుతుంది. విటమిన్, ఖనిజ మాత్రలు జీవితాంతం వాడవలసినవి. నాణెం ఆకారంలో అక్కడక్కడ జుట్టు పూర్తిగా ఊడితే అది పేనుకొరుకుడు. దానికీ పేలకూ సంబంధం లేదు, సొంత రోగనిరోధక వ్యవస్థ కుదుళ్లపై దాడి చేయడం వల్ల వచ్చే ఆ జబ్బుకు చర్మవైద్యుడి చికిత్స కావాలి. జుట్టు రాలడంతో పాటు ఆగని వాంతులు, చూపు రెండుగా కనబడడం, నడకలో తూలడం ఉంటే విటమిన్ బి1 లోపం మెదడును దెబ్బతీస్తున్నదని అనుమానించాలి. అప్పుడు అదే రోజు ఆసుపత్రికి చేరాలి.

ఈ పరిశీలనలో చాలా భాగానికి హైదరాబాద్ ప్రయాణం అవసరం లేదు. శస్త్రచికిత్స జరిగిన 3, 6, 12 నెలలకు, ఆపైన ఏడాదికోసారి చేయవలసిన రక్తపరీక్షల్లో కొన్ని కరీంనగర్, ఆదిలాబాద్, జగిత్యాల, నిర్మల్‌లలో 2021లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాల ద్వారా ప్రభుత్వ వైద్యుడి చీటీతో ఉచితంగా జరుగుతాయి. మిగిలినవి జిల్లా కేంద్రాల్లోని ప్రయోగశాలల్లో చేయించి, ఫలితాలను శస్త్రవైద్యుడికి ఫోన్‌లో పంపవచ్చు. వాటితో పాటు పంపవలసినవి మరో రెండు ఉన్నాయి: జుట్టు రాలడం మొదలైన తేదీ, రోజూ అందుతున్న ప్రోటీన్ లెక్క. నాలుగో నెలలో మొదలైన రాలడానికి ఓపిక, సరైన తిండి చాలు; పదో నెలలో మొదలైనదానికి పరీక్ష, చికిత్స కావాలి. ఆ తేడా తెలుసుకున్నవారికి నూనెల మీద, బయోటిన్ మాత్రల మీద పెట్టే ఖర్చు తగ్గడమే కాదు, లోపల పెరుగుతున్న లోపం నరాలను తాకకముందే దొరికిపోతుంది.