అమ్మ కొలత

యీ వేసవిలో తెనాలినుంచి మా అక్కయ్య ఫోను చేసింది. "ఒరే తమ్ముడూ, మీ బావగారు రిటైరయ్యారు. నాకు చేతులు ముడుచుకుని కూర్చోవడం చేతకాదు. అమ్మ కొలతతో ఆవకాయ పెట్టి అమ్ముదామనుకుంటున్నాను. మీవాళ్ళకు చెప్పు" అంది. మావాళ్ళంటే కాలేజీ స్టాఫు రూములో పదిమంది. అందులో సగంమందికి రక్తపుపోటు!

అక్కయ్య కొడుకు మాయింట్లోనే వుండి యింజనీరింగు చదువుతున్నాడు. వాడు నవ్వాడు. "పదిమందితో యేమవుతుంది మావయ్యా? ఆవకాయ యిష్టమైనవాళ్ళ ఫోనుల్లోనే ప్రకటన కనిపించేటట్టు చేద్దాం" అంటూ లాప్‌టాప్ తెరిచాడు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నాకిదంతా కొత్త. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా సంస్థ ప్రకటనదారులకోసం పెట్టిన సాధనం అది. పేరు యాడ్స్ మేనేజర్. ముందు వూరు అడుగుతుంది. తరవాత వయస్సు, ఆడా మగా, భాష. ఆ తరవాత అసలు గడి వస్తుంది. "ఆసక్తులు" యెంచుకునే చోటు అది. అందులో ఒక మాట కొడితే దగ్గరి మాటలన్నీ జాబితాగా దిగుతాయి. ఆ లక్షణాలున్నవాళ్ళు సుమారు యెంతమందో పక్కన ఒక అంచనా కనిపిస్తూ వుంటుంది. "వంట" అంటే ఆ అంకె కొండంత. హైదరాబాదు అనీ, తెలుగు అనీ, ముప్ఫై దాటినవాళ్ళనీ షరతులు పెట్టినకొద్దీ కరిగిపోతుంది. మావాడు యింగ్లీషులో పచ్చడికోసం "పికిల్" అని కొట్టగానే "పికిల్‌బాల్" కూడా ప్రత్యక్షమైంది. అది 1965లో అమెరికాలో పుట్టిన బంతాటట! "జాగ్రత్తరా, మీ అమ్మ జాడీలు బంతాటవాళ్ళ నెత్తిన పడతాయి" అన్నాను.

"అయితే యెవరికేది యిష్టమో దీనికి చెప్పిందెవరు?" అని అడిగాను.

"మనమే మావయ్యా!"

యే పేజీని మెచ్చుకున్నామో, యే ప్రకటనమీద వేలు పెట్టామో అన్నీ లెక్కకు వస్తాయి. అంతే కాదు. బయటి దుకాణాల వెబ్‌సైట్లలో కూడా "పిక్సెల్" అనే చిన్న కోడు, కంటికి కనపడకుండా, వుండవచ్చు. అక్కడ మనం యేం చూశామో వెనక్కు కబురు చేరవేయడం దాని పని. న్యాయానికి ఒక మాట చెప్పాలి. అమ్ముకునేవాడికి మన పేర్లు యివ్వరు. అంకె మాత్రమే చూపిస్తారు. మనం పేజీ తెరిచేలోపల ఆ ఖాళీ చోటుకోసం ప్రకటనదారుల మధ్య రెప్పపాటులో వేలంపాట జరిగిపోతుంది.

ఆ తెలివి చూసి ముచ్చటపడవలసిందే. కాని నాకు 2019 గుర్తుకు వచ్చింది.

ఆ యేడు అమ్మకు కాన్సరని తెలిసింది. జబ్బు పేరు ఆవిడకు చెప్పవద్దనుకున్నాం. డాక్టరుగారు కీమోథెరపీ అన్న దగ్గరనుంచి, రాత్రిళ్ళు అందరూ పడుకున్నాక ఫోనులో దాన్ని గురించే చదివేవాణ్ణి. ఒకనాడు అమ్మ, మనవడి ఫొటో చూస్తానని నా ఫోను తీసుకుంది. ఫొటో కిందనే కాన్సరు ఆస్పత్రి ప్రకటన, అచ్చ తెలుగులో! అది యే సంస్థవారి పేజీ అయితేనేం, పేరెందుకు లెండి. అమ్మ చదివింది. ఫోను నా చేతికిచ్చి, "యీసారి ఆవకాయ అక్కయ్య చేత పెట్టించు. కొలతలు చెబుతాను, రాసుకోమను" అంది. అంతకంటె యేమీ అనలేదు.

యీ సంగతి విని మావాడు చాలాసేపు మాట్లాడలేదు. "అమ్మమ్మకు అల్లా తెలిసిందా మావయ్యా?" అన్నాడు చివరకు.

కీమోథెరపీ అనే మాట మెటావారి ఆసక్తుల జాబితాలో కూడా వుండేది. జబ్బులు, మతం, రాజకీయాలవంటి సున్నితమైన విషయాలతోపాటు 2022 జనవరిలో దాన్ని తొలగించారు. మంచి పనే. కాని తెలుగు మేష్టర్ని గనుక నాకొక సందేహం. ఆసక్తి అంటే తగులుకుని వుండడం. అభిరుచి అంటే మనసుపడడం. యంత్రానికి తెలిసేది మొదటిదే. ఆ రాత్రిళ్ళు కీమోథెరపీని పట్టుకుని నేను వేలాడిన మాట నిజం. అది నా అభిరుచి అని యెవరనగలరు?

ప్రకటన మూలనున్న మూడు చుక్కలు నొక్కితే, అది మనకెందుకు కనిపిస్తోందో చెప్పే వీలుంది. ఫలానా విషయం తక్కువగా చూపించమని అమరికల్లో కోరవచ్చు కూడా. యింట్లో ఫోను చేతులు మారేవాళ్ళు ఒకసారి చూసుకోవడం మంచిది.

అక్కయ్య ప్రకటన మూడు రోజులు నడిచింది. వెయ్యి రూపాయలైంది, పదకొండు జాడీలు అమ్ముడుపోయాయి. లేదనడమెందుకు, సాధనం పనిచేసింది. యిప్పుడు అక్కయ్య ఆ పదకొండుమందికీ స్వయంగా ఫోను చేసి, "వుప్పు సరిపోయిందా అమ్మా? కారం యెక్కువైందా?" అని అడిగి, అమ్మ కొలతలు రాసుకున్న నోటుబుక్కులోనే వెనకపేజీల్లో రాసుకుంటోంది. అదీ జాబితాయే. కాని అందులో వున్నవాళ్ళను అడిగి రాసుకున్న జాబితా.