'సజెస్టివ్' అనే విశేషణము – రూతు గ్రంథము 3వ అధ్యాయము

ఇంగ్లీషు వ్యాఖ్యాన గ్రంథాలు చదివే విద్యార్థులకు 'సజెస్టివ్' అనే విశేషణం తరచుగా ఎదురవుతుంది. చాలామంది 'సూచనాత్మకమైన' అని పక్కన రాసుకొని ముందుకు సాగిపోతారు. ఇందులో ఒక చిక్కు ఉంది. యోహాను సువార్తలోని అద్భుతాలను మన తెలుగు బైబిలు 'సూచక క్రియలు' అంటుంది. అందుచేత 'సూచన' అనగానే సంఘస్థుల మనస్సులో గురుతు, రుజువు అనే భావాలే మెదులుతాయి. ఇంగ్లీషు మాటకు అంత బలం లేదు. 'అడుగు నుండి తెచ్చి అందించు' అనే లాటిను క్రియ దానికి మూలం. అందించడం వరకే దాని పని. తీర్పు చెప్పడం కాదు.

వైద్యుల వాడుక చూస్తే ఇది తేటపడుతుంది. ఎక్స్‌రే రిపోర్టులో 'సజెస్టివ్ ఆఫ్ టీబీ' అని ఉంటే టీబీ ఉందని తేల్చినట్లు కాదు, ఆ లక్షణాలు కనబడుతున్నాయని మాత్రమే. నిర్ధారణకు ఇంకా పరీక్షలు కావాలి. వ్యాఖ్యాతలు ఒక వాక్యభాగం మరొకదాన్ని స్ఫురింపజేస్తున్నదని చెప్పేటప్పుడు కూడ ఇదే అర్థం.

పాత రచయితలు దీనిని మెప్పుగా, 'ఆలోచన రేకెత్తించే' అనే అర్థంలో వాడారు. 19వ శతాబ్దంలో వాన్ డోరెన్ లూకా సువార్తపై రాసిన పుస్తకం పేరే 'సజెస్టివ్ కామెంటరీ'. నేటి యువకుడు ఆ పేరు చూసి కంగారుపడినా ఆశ్చర్యం లేదు. ఎందుకంటే ఈనాటి వాడుకలో ఈ మాట ఒంటరిగా వస్తే ఎక్కువగా స్త్రీపురుష సంబంధాన్ని చాటుగా స్ఫురింపజేసే మాటలకే వర్తిస్తుంది.

రూతు 3వ అధ్యాయంలోని భాష 'సజెస్టివ్' అని ఆధునిక వ్యాఖ్యాతలు అనేకులు అంటారు. వారి ఉద్దేశం ఈ మూడవ అర్థమే. దానికి ఆధారాలు లేకపోలేదు. 'పండుకొను' అనే హెబ్రీ క్రియ 'షాఖవ్' ఆ ఒక్క అధ్యాయంలోనే 8 సార్లు వస్తుంది. ఆదికాండము 39లో పోతీఫరు భార్య వాడినది ఆ క్రియనే. 'తీయు' అనే చోట ఉన్న 'గాలా' లేవీయకాండము 18లో మానాచ్ఛాదనము తీయుటకు వాడినది. తెలుగులో కాళ్లమీది 'బట్ట' అని ఉన్నది కాని, మూలంలో బట్ట అనే మాట లేదు. రాత్రివేళ, కళ్లం, తిని త్రాగి సంతోషంగా ఉన్న పురుషుడు – హోషేయ 9:1 చదివినవారికి కళ్లం పేరు ఏమి గుర్తుచేస్తుందో తెలుసు.

అయితే ఇదంతా స్ఫురణే. దీన్ని పట్టుకొని రూతు పాపం చేసిందని వేదికమీద ప్రకటించే బోధకులున్నారు. మన సంఘాల్లో యౌవనస్థురాలైన విధవరాలి మీద ఇలాంటి చాటుమాటలు ఎంత సులువుగా పుడతాయో మనకు తెలియనిది కాదు. ఆ బోధ వినే బల్లల మీద ఆమె కూడ కూర్చుని ఉంటుంది. మరికొందరు అక్కడ ఏమీ లేదన్నట్లు వచనాలు దాటేస్తారు. అదీ సరికాదు. ఆ సన్నివేశం చూసేవారికి ఎలా తోస్తుందో బోయజుకే తెలుసు. ఒక స్త్రీ కళ్లానికి వచ్చిన సంగతి ఎవరికీ తెలియకూడదని 14వ వచనంలో అతడు జాగ్రత్తపడ్డాడు.

ఇక మూలభాష చూడండి. 'షాఖవ్' లైంగికార్థంలో వచ్చినప్పుడు సాధారణంగా 'ఆమెతో', 'అతనితో' అనే మాట వెంట ఉంటుంది. ఈ అధ్యాయంలో ఆ 'తో' ఎక్కడా లేదు. వివాహమైన తరువాత 4:13లో రచయిత ఆ సంగతిని దాపరికం లేకుండా చెప్పాడు. 11వ వచనంలో బోయజు ఆమెను యోగ్యురాలన్నాడు. సామెతలు 31:10లోని గుణవతికి వాడిన హెబ్రీ పదమే అది. 13వ వచనంలో ఈ రాత్రి ఇక్కడ ఉండుమని చెప్పేటప్పుడు మాత్రం అతడు 'షాఖవ్' విడిచి, బస చేయుట అనే అర్థమిచ్చే 'లూన్' అనే క్రియ వాడాడు. 1:16లో నయోమి నివసించే చోటనే తానూ నివసిస్తానని రూతు పలికినప్పుడు ఆమె నోట వచ్చిన క్రియ అదే.