పాత బండి – కొత్త కంట్రోలరు

తోటలో గంపలు మోయుటకు కొన్న పాత బ్యాటరీ గోల్ఫు బండికి కొత్త కంట్రోలరు బిగించినారు; బండి కదలదు. కొత్త సామానును నిందించుటకు ముందు తీగెలను పరీక్షించండి.

చేతి ఉంగరములు తీసి, బ్యాటరీల నెగెటివు తీగె విప్పి, త్రుప్పు పట్టిన కొసలను గీకి బిగించవలెను. వెనుక చక్రములు జాకీతో ఎత్తి, దిమ్మెలు పెట్టిన పిమ్మటనే తీగె తిరిగి కలపవలెను.

6 వోల్టుల బ్యాటరీలు 6 వరుసగా కలిపిన బండిలో మీటరు 36కు తగ్గరాదు. పెడలు త్రొక్కగానే సోలినాయిడు "టిక్కు"మనవలెను. అననిచో తాళపు స్విచ్చి, పెడలు స్విచ్చిల సన్నతీగెలను చూడండి. టిక్కుమన్నను, పెడలు త్రొక్కి ఉంచగా దాని రెండు పెద్ద బోల్టుల నడుమ వోల్టేజి సున్నకు దగ్గర కానిచో లోపము సోలినాయిడులోనే గలదు. అదియు సరియైనచో, పాత యాక్సిలరేటరు కొత్త కంట్రోలరుకు జత కుదురునో లేదో చూడవలెను.

బ్యాటరీ తీగెలను మాత్రము ఎన్నడును తారుమారు చేయకండి. కంట్రోలరు క్షణములో మాడిపోవును. మీ డబ్బు మట్టిపాలగును.