పెద్దకొడుక్కి భూమి, అందరికీ సొమ్ము

16, 17 శతాబ్దాల లండన్ వర్తకుల వీలునామాలు చదివితే కొన్ని సంగతులు వింతగా తోస్తాయి. చిన్నపిల్లలకు తలా కొన్ని వందల పౌండ్లు రాసి, పెళ్లయిన పెద్దకూతురికి ఒక ఉంగరంతో సరిపెట్టిన తండ్రులు కనిపిస్తారు. కొన్నిట్లో పెద్దకొడుకు ఊసే అంతగా ఉండదు. భార్యకు ఆచారం ప్రకారం రావలసింది రావాలని ఒక్క మాటలో తేల్చేస్తారు. పైగా ఈ కాగితాలకు ఆమోదముద్ర వేసింది రాజుగారి న్యాయస్థానం కాదు, చర్చి కోర్టు.

ఆ తండ్రులు పక్షపాతులని దీన్నిబట్టి అనుకోనక్కర్లేదు. వీలునామా రాసేనాటికి పంపకం చాలామటుకు అయిపోయి ఉండేది. కొడుకుని పనిలో పెట్టినప్పుడు కొంత, కూతురి పెళ్లికి కొంత, తమ పెళ్లి ఒప్పందంలోనే భార్యకు కొంత ఇచ్చేసేవారు. అదీగాక సొమ్ముది ఒక దారి, భూమిది మరో దారి. ఈ రెండు సంగతులూ పట్టుకుంటే మిగిలిన చిక్కులన్నీ వాటంతట అవే విడిపోతాయి.

ఒకే ఇంట్లో రెండు చట్టాలు ఎందుకు?

ఇంగ్లండ్‌లో భూమి చట్టం ఫ్యూడల్ కాలంలో పుట్టింది. భూమి అనుభవించేవాడు పైవాడికి సైనిక సేవ చెయ్యాలి. కమతం ముక్కలైతే ఆ సేవ చెయ్యడానికి గుర్రమూ మిగలదు, రౌతూ మిగలడు. అందుకని తండ్రి పోతే భూమి మొత్తం పెద్దకొడుకుదే అన్న నియమం స్థిరపడింది. కొడుకులు లేకపోతేనే కూతుళ్లు సమంగా పంచుకుంటారు. కెంట్ ప్రాంతం మాత్రం దీనికి మినహాయింపు; అక్కడి ఆచారం ప్రకారం కొడుకులందరికీ సమాన వాటా.

డబ్బు, సరుకు, వెండి సామాను, రావలసిన బాకీలు, ఓడల్లో వాటాలు చరాస్తి కింద లెక్క. కౌలు హక్కు మీద ఉన్న ఇల్లు కూడా చట్టం దృష్టిలో చరాస్తే. వీటిమీద సైనిక సేవ బరువు లేదు. అవి చర్చి పరిధిలోకి వచ్చాయి. చనిపోయినవాడి సొత్తులో ఒక భాగం అతని ఆత్మశాంతికి ఖర్చు చెయ్యాలన్నది మధ్యయుగపు నమ్మకం. ఆ ఖర్చు సరిగ్గా జరిగిందో లేదో చూసే పని పెట్టుకున్న చర్చి, క్రమంగా చరాస్తి వీలునామాలన్నిటినీ తన చేతిలోకి తీసుకుంది.

భూమిని వీలునామాతో ఇచ్చే వీలు దేశమంతటికీ చాలా ఆలస్యంగా వచ్చింది. లండన్ పౌరులకు నగరంలోని స్థలాల వరకు ఆ హక్కు ఆచారంగా ముందునుంచీ ఉంది. మిగిలినవాళ్లు భూమిని నమ్మకస్తుల పేర పెట్టి, ఎవరికి అందాలో చెప్పి పోయేవారు. 1536లో ఎనిమిదో హెన్రీ ఆ దారి మూసేశాడు. భూస్వాముల్లో అలజడి రేగడంతో 1540లో వీలునామాల చట్టం వచ్చింది. సైనిక సేవ షరతు మీద ఉన్న భూమిలో మూడింట రెండు వంతులు, మిగతా రకాల భూమి మొత్తం ఇష్టమైనవాళ్లకు రాసుకోవచ్చని అది చెప్పింది. 1660లో సైనిక సేవ పద్ధతే రద్దు కావడంతో ఆ పరిమితి కూడా పోయింది.

హిందూ కుటుంబాల మితాక్షర ధర్మంలో పిత్రార్జితంపై కొడుక్కి పుట్టుకతోనే హక్కు వస్తుంది. ఇంగ్లండ్ కొడుక్కి అలాంటిది లేదు. తండ్రి బతికుండగా అతను ఆశపడగలడే గాని అడగలేడు.

మూడు వాటాల లెక్క ఎలా?

లండన్ నగర పౌరసత్వం పొందిన వర్తకుడు తన చరాస్తి మొత్తాన్ని ఇష్టం వచ్చినట్టు రాసేయడానికి లేదు. అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మిగిలింది మూడు వాటాలయ్యేది. ఒకటి భార్యది, ఒకటి పిల్లలందరిదీ, మూడోది చనిపోయినవాడి సొంత వాటా. వీలునామా పని చేసేది ఈ మూడో వాటా మీదే. పిల్లలు లేకపోతే భార్యకు సగం, భార్య లేకపోతే పిల్లలకు సగం. పిల్లల వాటాలో కొడుకని ఎక్కువ లేదు, కూతురని తక్కువ లేదు.

ఒక బట్టల వర్తకుడు 3000 పౌండ్లు, భార్యను, నలుగురు పిల్లలను విడిచి పోయాడనుకుందాం. భార్యకు 1000, పిల్లలకు 1000, అతని ఇష్టానికి 1000. పిల్లలకు తలా 250 రావాలి. అయితే పెద్దకూతురికి పెళ్లిలో 200 పౌండ్లు కట్నంగా ఇచ్చి ఉన్నాడు. అప్పుడు ఆ 200 కూడా పిల్లల వాటాలో కలిపి 1200 చేస్తారు. తలా 300. ఆమెకు 200 ముందే ముట్టింది కనుక ఇక వచ్చేది 100. ఇంత ఇచ్చానని తండ్రి రాసి పెట్టకపోతే మాత్రం ఆమె వాటా పూర్తిగా ముట్టినట్టే లెక్క, ఇంకేమీ రాదు. పద్దు పుస్తకంలో కట్నం ఎంతో తండ్రి స్వయంగా రాసి పెట్టడం ఆ ఇళ్లలో అందుకే ముఖ్యమైన పని. పెద్దకూతురికి ఉంగరం మాత్రమే దక్కడం వెనక ఉన్న సంగతి కూడా ఇదే.

కొడుకుల విషయంలోనూ అంతే. కొడుకుని పేరున్న వర్తకుడి దగ్గర ఏడేళ్లు అప్రెంటిస్‌గా పెట్టాలంటే ముందుగా సొమ్ము కట్టాలి. టర్కీ వైపు వ్యాపారం చేసే లెవాంట్ కంపెనీ వర్తకుల దగ్గరైతే అది వందల పౌండ్లలో ఉండేది. పని నేర్చాక పెట్టుబడీ తండ్రే ఇవ్వాలి. వీటితోబాటు పైకి కనిపించని ఆస్తి ఇంకొకటి ఉంది. తండ్రి లండన్ పౌరుడైతే, ఆ తర్వాత పుట్టిన కొడుకు కూడా వారసత్వంగా పౌరసత్వం అడగవచ్చు. నగరంలో దుకాణం పెట్టే హక్కు దాంతో వచ్చేది.

భార్యకు ఏం దక్కేది?

భర్త భూమిలో మూడో వంతు మీద బతికున్నన్నాళ్లు అనుభవ హక్కు విధవకు పాత చట్టమే ఇచ్చింది. ఆ హక్కును డవర్ అనేవారు. పెళ్లి తర్వాత అతని చేతిలో ఉన్న ఏ స్థలం మీదైనా అది అంటుకునే ఉండేది. ఇళ్లూ స్థలాలూ కొని అమ్మే వర్తకుడికి ఇది ఇబ్బంది; రేపు విధవ వచ్చి వాటా అడుగుతుందేమోనని కొనేవాడు వెనకాడతాడు. అందువల్ల పెళ్లికి ముందే ఒప్పందం రాసుకునే పద్ధతి పెరిగింది. ఏడాదికి ఇంత ఆదాయమిచ్చే ఆస్తిని ఆమె పేర కట్టిపెడతారు, బదులుగా ఆమె డవర్ వదులుకుంటుంది. దాని పేరు జాయించర్. 17వ శతాబ్దం చివరికి వాడుకలో పడిన రేటు ప్రకారం, ఆమె తెచ్చిన ప్రతి 1000 పౌండ్ల కట్నానికి విధవగా ఏడాదికి సుమారు 100 పౌండ్లు.

చరాస్తిలో మూడో వంతు, పడకగది సామాను ఆచారం ప్రకారం ఆమెవే. వీటన్నిటికన్నా బరువైన బాధ్యత, వీలునామా అమలు చేసే ఎగ్జిక్యూటర్ పదవి, చాలా ఇళ్లలో ఆమెకే వచ్చేది. ఇరుగుపొరుగు వర్తకులు వచ్చి ఇంట్లోని దుప్పట్లు మొదలు గిడ్డంగిలోని బేళ్ల వరకు వెలకట్టి జాబితా రాస్తారు. పద్దుల్లోని బాకీలను వసూలయ్యేవి, ఆశ వదులుకోవలసినవి అని విడదీస్తారు. సరుకు అలెప్పోలోనో సూరత్‌లోనో ఏజెంటు చేతిలో ఉంటే, దాన్ని అమ్మి సొమ్ము తెప్పించే సరికి ఏళ్లు పట్టవచ్చు. వ్యాపారం తెలియని విధవ దివాలా తీస్తుందనీ, భార్యకు పద్దులు నేర్పమనీ డేనియల్ డీఫో 1720లలో వర్తకులకు రాసిన పుస్తకంలో గట్టిగా చెప్పాడు.

ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే కొత్త చిక్కు. భార్య చరాస్తి భర్త సొత్తైపోవడం అప్పటి చట్టం. మొదటి భర్త సంపాదన రెండో భర్త జేబులోకి పోతుంది. పిల్లల వాటాకు పూచీలు రాయించడం, కూతురి సొమ్ము ఆమె భర్త చేతికి చిక్కకుండా ట్రస్టీల పేర పెట్టడం ఈ భయం వల్లనే.

పసివాళ్ల సొమ్ము ఎవరి దగ్గర?

లండన్‌లో తల్లి ఉన్నా సరే, పౌరుడైన తండ్రి పోయిన మైనరు పిల్లలు నగరం సంరక్షణలోకి వస్తారు. నగరాన్ని పాలించే లార్డ్ మేయర్, ఆల్డర్మన్లు కూర్చునే అనాథల కోర్టు ముందు ఎగ్జిక్యూటర్ జాబితా చూపించాలి. పిల్లల వాటాకు జామీనుదారులతో పూచీ రాయాలి, లేదా సొమ్ము నగర ఖజానాలో జమ చెయ్యాలి. 21 ఏళ్లు నిండాకో, కోర్టు అనుమతితో పెళ్లయ్యాకో వాటా ముడుతుంది. అనుమతి లేకుండా అనాథ పిల్లను పెళ్లాడినవాడికి శిక్ష తప్పదు.

ఏర్పాటు బాగానే ఉంది, కాని ఖజానా సంగతి అలా లేదు. నగరం ఆ సొమ్మును తన ఖర్చులకు వాడుకుంటూ వచ్చింది. 1680ల నాటికి పిల్లలకు తిరిగి చెల్లించలేని స్థితికి చేరింది. చివరికి 1694లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, బొగ్గు, వైన్ మీద సుంకాల వంటి ఆదాయాలతో ఆ బాకీని కుదుటపరచవలసి వచ్చింది. కాపలాదారే సొమ్ము వాడేసుకున్నాక వర్తకులు పిల్లల సొమ్మును నగరానికి బదులు తాము ఎంచుకున్న ట్రస్టీల చేతిలో పెట్టడానికి మొగ్గారు.

వీలునామా చెల్లాలంటే?

1677 వరకు చరాస్తి విషయంలో నోటిమాట వీలునామా కూడా చెల్లేది. మంచం పట్టినవాడు నలుగురి ముందు చెబితే చాలు. ఇందులో మోసాలు పెరగడంతో ఆ ఏడాది చట్టం బిగించారు. భూమికి సంబంధించిన వీలునామా రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి, ముగ్గురు సాక్షులు సంతకాలు చెయ్యాలి. 30 పౌండ్లు దాటిన చరాస్తికి నోటిమాట చెల్లాలంటే ముగ్గురు సాక్షులు, ఇంకా కఠినమైన షరతులు.

సాధారణంగా 5 పౌండ్లకు మించిన సొత్తు ఒక బిషప్ పరిధిలో కాక ఇంకొక చోట కూడా ఉంటే, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కోర్టులో ప్రొబేట్, అంటే వీలునామాకు ఆమోదముద్ర, తీసుకోవాలి. ఊరూరా లావాదేవీలున్న వర్తకుల కాగితాలు అక్కడికే చేరాయి. సముద్రంమీదా పరదేశంలోనూ పోయినవాళ్లవీ అక్కడికే. అలా మచిలీపట్నంలో, మద్రాసులో కన్నుమూసిన ఈస్టిండియా కంపెనీవాళ్ల వీలునామాలు కూడా లండన్‌లో దాఖలయ్యాయి. 1726లో రాజశాసనంతో ఏర్పడిన మద్రాసు మేయర్ కోర్టుకు ప్రొబేట్ ఇచ్చే అధికారం రావడంతో ఆ పని ఇక్కడే జరిపించుకునే వీలు కలిగింది.

భూమి కొన్న వర్తకుడు ఎలా మారాడు?

దీనికి మంచి ఉదాహరణ థామస్ పిట్. ఒక చర్చి గురువు కొడుకు. కంపెనీ అనుమతి లేకుండా ఇండియా వ్యాపారం చేసి, చివరికి ఆ కంపెనీ తరఫునే 1698 నుంచి 1709 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్నాడు. గోల్కొండ గనుల్లో దొరికిన పెద్ద వజ్రాన్ని జామ్‌చంద్ అనే వ్యాపారి దగ్గర 48,000 వరహాలకు కొన్నాడు. 1702లో పెద్దకొడుకు రాబర్ట్ చేత ఇంగ్లండ్ పంపించాడు. 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి 1,35,000 పౌండ్లకు అమ్మాడు. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

ఆ సంపద భూమిగా మారింది. కార్న్‌వాల్‌లో బొకొనాక్ ఎస్టేటు, బర్క్‌షైర్‌లో స్వాలోఫీల్డ్ కొన్నాడు. ఓటర్లను వేళ్లమీద లెక్కపెట్టదగ్గ ఓల్డ్ సేరమ్ నియోజకవర్గం అంతకుముందే అతని చేతిలో ఉంది. ఆ చిన్న చోటు నుంచి పార్లమెంటుకు ఇద్దరు సభ్యులు. డబ్బు ఎంతున్నా వర్తకుడు వర్తకుడే. భూమి ఉంటే పెద్దమనిషి. పార్లమెంటు సీటూ, తరతరాల పేరూ భూమితోనే వచ్చేవి. ముక్కలు చేస్తే ఆ పలుకుబడి నిలవదు కనుక, భూమి కొన్న వర్తకుడు దాన్ని చీలకుండా కాపాడాలనుకునేవాడు.

1726లో పిట్ పోయాక వారసులు కోర్టు వ్యాజ్యాల్లో పడ్డారు. మరుసటి ఏడే రాబర్ట్ కూడా పోయాడు. ఎస్టేట్లు అతని పెద్దకొడుక్కి వెళ్లాయి. రెండో కొడుకు విలియమ్ వంతుకు వచ్చింది ఏడాదికి సుమారు 100 పౌండ్లు. అతను సైన్యంలో చిన్న ఉద్యోగంలో చేరి, 1735లో కుటుంబం చేతిలోని ఓల్డ్ సేరమ్ నుంచే పార్లమెంటుకు వెళ్లాడు. తర్వాత ప్రధానమంత్రి అయ్యాడు. తాత వజ్రం సొమ్ముగానే ఉండి నగర ఆచారం ప్రకారం పంచి ఉంటే పిల్లలందరికీ సమానంగా అందేది. భూమి కావడంతో దాదాపు అంతా ఒకడి దగ్గరికి చేరింది.

17వ శతాబ్దం మధ్య నుంచి న్యాయవాదులు ఈ కట్టుదిట్టాన్ని ఇంకా బిగించారు. పెళ్లి ఒప్పందంలోనే పెద్దకొడుకుని బతికున్నంతకాలం అనుభవించేవాడిగా మాత్రమే ఉంచి, అసలు ఎస్టేటు పుట్టబోయే మనవడికి రాసేవారు. మధ్యలో ఎవరూ అమ్ముకోలేరు. చిన్నవాళ్ల వాటాలు, విధవ జాయించర్ ఆ ఎస్టేటు మీద అప్పుగా ఉంటాయి.

భూమికీ సొమ్ముకీ ఈ తేడా ఎప్పుడు పోయింది?

సమాన వాటాల ఆచారమే ముందు పోయింది. ఇలాంటి ఆచారమే ఉన్న యార్క్ ప్రాంతంలో 1692లో, లండన్‌లో 1725లో చట్టాలు దాన్ని తీసేశాయి. ధనికులు ఆ ఆచారానికి జడిసి నగర పౌరసత్వం తీసుకోవడం లేదన్నది లండన్ చెప్పిన కారణం. అక్కడినుంచి వర్తకుడు తన సొమ్మంతా ఎవరికైనా రాసుకోవచ్చు. భార్యకూ పిల్లలకూ ఖాయమైన వాటా అంటూ లేదు. వీలునామా రాయకుండా పోతే మాత్రం 1670 నాటి చట్టం ప్రకారం చరాస్తిలో మూడో వంతు భార్యకు, మిగిలింది పిల్లలందరికీ సమంగా. భూమి అప్పటికీ పెద్దకొడుకుదే.

చర్చి కోర్టుల చేతిలోంచి ప్రొబేట్ 1858లో పోయింది. పెద్దకొడుకు హక్కు ఇంకా ఎక్కువ కాలం నిలిచింది. వీలునామా లేకుండా పోయినవాడి భూమినీ సొమ్మునూ ఒకే లెక్కన పంచాలని 1925లో పార్లమెంటు చేసిన చట్టం మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. కూతురి వాటా కొడుకు వాటాతో సమానమని లండన్ వర్తకులు తమ సొమ్ము విషయంలో ఎన్నో తరాలు పాటించిన లెక్క, ఇంగ్లండ్ భూమికి వర్తించడానికి అంతకాలం పట్టింది.