సముద్రపు బ్యాండ్, నెమ్మది పాటల రికార్డులు

2005 జూన్ 25న జపాన్ మ్యూజిక్ షాపుల్లో ఒకే బ్యాండ్ పాత సింగిల్స్ 44 ఒక్కసారిగా మళ్లీ అమ్మకానికొచ్చాయి. ఏ వారం ఏ పాట ఎంత అమ్ముడైందో అక్కడ లెక్కగట్టేది ఒరికాన్ అనే పట్టిక. అందులోని మొదటి వంద స్థానాల్లో ఆ వారం 44 ఈ బ్యాండ్‌వే. ఒక్క పాటా బయట మిగల్లేదు. ఆ బ్యాండ్ పేరు సదరన్ ఆల్ స్టార్స్. 1978లో తొలి పాట విడుదల చేసిన ఈ బృందం 2025లోనూ కొత్త ఆల్బమ్ తెచ్చి, స్టేడియాలు నింపింది.

జపాన్ వాళ్లకు సదరన్ అంటే ఎండాకాలం, సముద్రం, గోల, కేరింత. అయినా వీళ్ల చరిత్రలోని ముఖ్యమైన రికార్డులు, వింతలు తిరగేస్తే వాటిలో చాలా వరకు మెలోడీల చుట్టూనే కనిపిస్తాయి. అందుకే ఈసారి ఆ మెలోడీల సంగతులే చెబుతాను.

బృందం పుట్టింది టోక్యోలోని అయోయమా గకుయిన్ యూనివర్సిటీలో. నాయకుడు, గాయకుడు, పాటల రచయిత కువాతా కేసుకె. సొంతూరు టోక్యోకి దగ్గరలోని చిగసాకి అనే సముద్రతీర పట్టణం. కీబోర్డు వాయించే హారా యూకో తర్వాత అతని భార్య అయింది. తొలి పాట ‘కత్తే ని సింద్‌బాద్’. 1977లో వచ్చిన రెండు వేర్వేరు హిట్ల పేర్లలోంచి చెరో ముక్క తెచ్చి అతికించిన పేరది. టీవీలో నిక్కర్లు వేసుకుని, మాట అర్థం కానంత వేగంగా పాడేసరికి జనం వీళ్లని నవ్వించే బ్యాచ్ అనుకున్నారు. అప్పట్లో ఆ పాట మూడో స్థానం దగ్గరే ఆగింది. 25 ఏళ్లు గడిచాక, 2003లో, మళ్లీ విడుదల చేస్తే నెంబర్‌వన్ అయింది!

నవ్వించే బ్యాచ్ అన్న ముద్రను చెరిపేసింది మూడో సింగిల్ ‘ఇతోషి నో ఎల్లీ’. 1979 మార్చిలో వచ్చిన పూర్తి నెమ్మది పాట అది. ఒరికాన్‌లో రెండో స్థానానికి ఎక్కింది. డిసెంబరు 31 రాత్రి దేశమంతా టీవీ ముందు కూర్చుని చూసే ‘కోహకు’ పాటల కార్యక్రమానికి బ్యాండ్ తొలిసారి వెళ్లింది ఈ పాటతోనే. 1983లో ఒక టీవీ సీరియల్‌లో వాడటంతో మరో తరానికి పరిచయమైంది. అసలు విశేషం 1989లో జరిగింది. సంతోరీ కంపెనీ విస్కీ ప్రకటన కోసం అమెరికన్ దిగ్గజం రే ఛార్లెస్ ఈ పాటను ‘ఎల్లీ మై లవ్’ పేరుతో ఇంగ్లిషులో పాడాడు. అది ఒరికాన్‌లో మూడో స్థానం దాకా వెళ్లింది. అమెరికన్ సోల్ సంగీతం వింటూ పెరిగిన కుర్రాడు రాసిన పాట, పదేళ్లు తిరిగేసరికి ఆ సోల్ సంగీతానికి ప్రాణం పోసిన గొంతులోనే పలికింది. ఏ పాటల రచయితకైనా ఇంతకుమించిన బహుమతి ఉంటుందనుకోను.

ఇంత పేరున్నా వీళ్లకి తొలి నెంబర్‌వన్ సింగిల్ దక్కడానికి పదకొండేళ్లు పట్టింది. 1989లో వచ్చిన ‘సయోనారా బేబీ’ అది.

మరుసటి ఏడాది కువాతా సినిమా దర్శకుడయ్యాడు. కామకురా దగ్గరి ఇనమురగసాకి తీరంలో 1960ల నాటి సర్ఫింగ్ కుర్రాళ్ల కథ, ‘ఇనమురా జేన్’. దాని డీవీడీ మాత్రం 2021 దాకా రాలేదు. మూడు దశాబ్దాల ఎడబాటు. సినిమా కంటికి దూరమైనా అందులోని ‘మానత్సు నో కాజిత్సు’ చెవులకి దూరం కాలేదు. నడి వేసవిలో పండిన పండు గురించి చెబుతూ ముగిసిపోయిన ప్రేమను తలుచుకునే పాట ఇది. పట్టికలో మొదటి స్థానం దాకా రాలేదు. అయినా 1991లో హాంకాంగ్ గాయకుడు జాకీ చెంగ్ ఇదే బాణీని కాంటనీస్ మాటలతో పాడితే అక్కడ పెద్ద హిట్ అయింది. ఆ బాణీ పుట్టింది జపాన్‌లో అని తెలియకుండానే హమ్ చేసేవాళ్లు చైనా వైపు ఎందరో ఉండి ఉంటారు. నా వరకు సదరన్ మెలోడీలన్నిట్లో అందమైనది ఇదే.

1992 జూలై 18న ఇంకో వింత. బ్యాండ్ ఒకే రోజు రెండు సింగిల్స్ వదిలింది. ఒకటి మెలోడీ ‘నమిదా నో కిస్సు’, రెండోది గంతులేయించే ‘షురాబా లా బంబా’. పట్టికలో ఒకటి, రెండు స్థానాలు వాటివే. గెలిచింది నెమ్మది పాట. తల్లి కొంగు వదలని భర్త పాత్రతో ఆ ఏడాది జపాన్‌ని ఊపేసిన టీవీ సీరియల్‌కి అది టైటిల్ సాంగ్ కావడం కూడా కలిసొచ్చింది.

ఇక అన్నిటికంటే పెద్దది ‘సునామీ’. 2000 జనవరి 26న, నడి చలికాలంలో వచ్చింది. మనసు మీద విరుచుకుపడే ప్రేమను అలతో పోల్చిన పాట. ఒక టీవీ షోలో వినిపించిన ఈ పాట 29 లక్షలకు పైగా అమ్ముడై, ఆ ఏడాది జపాన్‌లో అత్యధికంగా అమ్ముడైన సింగిల్‌గా నిలిచింది. జపాన్ రికార్డ్ అవార్డుల్లో ఆ సంవత్సరపు అత్యున్నత పురస్కారమూ దానికే.

2011 మార్చి 11న ఈశాన్య జపాన్‌లోని తోహొకు తీరంలో వచ్చిన భూకంపంలో, సునామీలో 18 వేలమందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. రేడియో స్టేషన్లు ‘సునామీ’ పాటను తమంతట తామే ఆపేశాయి. బ్యాండ్ కూడా ఆ తర్వాతి కచేరీల్లో దాన్ని పక్కన పెట్టింది. అంతకు ముందు ఏడాదే అన్నవాహిక కేన్సర్‌కి ఆపరేషన్ చేయించుకుని కోలుకున్న కువాతా, 2011 సెప్టెంబరులో ఆ తీరంలోనే ఉన్న మియాగి వెళ్లి సొంతంగా కచేరీ చేశాడు. పాడింది విపత్తు రోజుల్లో మృతదేహాలను ఉంచిన హాల్లోనే. తన పాటల్లోకెల్లా ఎక్కువ అమ్ముడైనదాన్ని, అవతలివాళ్ల దుఃఖాన్ని తలచి, ఇన్నేళ్లు పాడకుండా ఉండటం ఏ పట్టికలోకీ ఎక్కదు. నా దృష్టిలో ఈ బ్యాండ్ ఘనతల్లో మొదట చెప్పుకోవలసింది అదే.

ఇంకొన్ని చిన్న సంగతులు. 1982 నాటి ‘యా యా’ తమ కాలేజీ మ్యూజిక్ క్లబ్ రోజుల మీద రాసుకున్న మెలోడీ. 1980 ఆల్బమ్‌లో హారా యూకో పాడిన ‘వతాషి వా పియానో’ని అదే ఏడాది తకదా మిజుయె సింగిల్‌గా పాడి హిట్ కొట్టింది. 2013లో రెండో ప్రపంచయుద్ధ పైలట్ల కథతో వచ్చిన ‘ఎయెన్ నో జీరో’ సినిమాకి ‘హొతారు’ అనే పాట ఇచ్చారు. కరోనా రోజుల్లో, 2020 జూన్ 25న, ఖాళీ యోకోహామా అరీనాలో పాడితే ఆన్‌లైన్‌లో దాదాపు లక్షా 80 వేల టికెట్లు తెగాయి. చిగసాకి వాళ్లు ఊరి బీచ్‌కి సదరన్ బీచ్ అని పేరు పెట్టుకున్నారు. 2014 నుంచి అక్కడి రైల్వేస్టేషన్లో బండి కదిలేముందు మోగేది కూడా ఈ బ్యాండ్ బాణీయే.

భాష రాకపోయినా పర్వాలేదు. కొత్తగా వినేవాళ్లు ‘మానత్సు నో కాజిత్సు’తో మొదలుపెట్టి, ఆ వెంటనే జాకీ చెంగ్ పాడింది వినండి. తర్వాత ‘ఇతోషి నో ఎల్లీ’, దాని పక్కనే రే ఛార్లెస్‌ది. ‘సునామీ’ని చివరికి ఉంచుకోండి.